హెనీ గారి దక్షిణ ద్వారం

శనివారం పొద్దున పదకొండు గంటలకి న్యూటౌన్‌లో ఒక పాత ఇంటి ముందు, ఇల్లు చూడటానికి వచ్చిన పదిహేనుమందితో పాటు వరసలో నిలబడి, బూట్లకి నీలం రంగు ప్లాస్టిక్ తొడుగులు వేసుకున్నాను. ఏజెంటమ్మాయి నా పేరూ ఫోన్ నంబరూ ఎక్కించుకుని, నా తెల్లజుట్టు చూసి కాబోలు, "మెట్లు బాగా నిటారుగా ఉంటాయి, రెయిలింగ్ పట్టుకుని ఎక్కండి" అంది. ఆ మెట్లు పదమూడనీ, నాలుగోదాని మీద ఎడం వైపు అడుగేస్తే కిర్రుమంటుందనీ, పైన వెనక గది కిటికీ వానాకాలంలో ఉబ్బి తెరుచుకోదనీ నాకు తెలుసు. ఆ గదిలో నేను నాలుగేళ్ళు ఉన్నాను. ఆ సంగతి ఆ అమ్మాయికి చెప్పాలనిపించింది కానీ, వెనక జనం తోసుకొస్తున్నారు, థాంక్స్ చెప్పి లోపలికి నడిచాను.

టెర్రస్ ఇల్లు అంటే మనవాళ్ళకి డాబా గుర్తొస్తుంది. ఇక్కడ ఆస్ట్రేలియాలో ఆ మాటకి అర్థం వేరు. వీధి పొడవునా తొమ్మిదో పదో ఇళ్ళు ఒకదానికొకటి అతుక్కుని, రెండు పక్కలా గోడలు పక్కింటివాళ్ళతో ఉమ్మడిగా ఉంటే ఆ వరసని టెర్రస్ అంటారు. ముందు నుంచి చూస్తే మూడు బారలు లేదు, లోపలికి పోతే రైలుపెట్టెలా పోతూనే ఉంటుంది. ముందు గది, దాని వెనక భోజనాల గది, దాని వెనక వంటిల్లు, దాన్ని ఆనుకుని చిన్న వెనక గది, ఆ వెనక ఇటికలు పరిచిన పెరడు, పెరటి గేటు తీస్తే చెత్తబండి తిరిగే సన్నటి సందు. పైన మూడు గదులు, వీధి వైపు లేసు అల్లినట్టుండే ఇనప చట్రాల బాల్కనీ. "స్పేషస్" అని ప్రకటనలో రాశారు. అబద్ధం కాదు, ఒక్క మనిషికి చాలా ఎక్కువ.

ఒక్క మనిషిని అవడం నాకు ఇంకా అలవాటు కాలేదు. మా ఆవిడ సరళ పోయి రెండు చలికాలాలు గడిచాయి. ఊరి శివార్లలో, టూంగాబీలో మా ఇంట్లో నాలుగు పడకగదులు, వాటిలో మూడింటి తలుపులు నేను వారానికోసారి తీసి, గాలి తగిలాక మళ్ళీ వేసేస్తాను. మా అమ్మాయి మేఘన రౌస్ హిల్‌లో ఉంటుంది. తన పెరట్లో నా కోసం చిన్న గది కట్టిస్తానంటూ ప్లాన్లు పంపిస్తుంటే, ఒకసారి ఆ ప్లాను చూడబోయి ఫోనులో ఏదో నొక్కాను, అమ్మకానికున్న ఇళ్ళ బొమ్మలు వచ్చాయి. మూడో బొమ్మలో ఆ వంటింటి అలమర. పొడవాటి చెక్క అలమర, గుండ్రటి ఇత్తడి పిడులు. కింద "యజమాని మరణానంతరం అమ్మకం" అని ఉంది. హెనీ గారు పోయారని నాకు అలా తెలిసింది, ఇళ్ళ ప్రకటనలో.

మేఘనకి ఫోన్ చేసి ఆ ఇల్లు చూడటానికి వెళ్తున్నానన్నాను. తనకి తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం సగానికి పైగా ఇంగ్లీషులోనే వస్తుంది. "నాన్నా, ఆర్ యూ సీరియస్? ఇట్స్ ఓల్డర్ దేన్ ఎవ్రీబడీ వి నో! ఆ స్టెయిర్స్ చూశారా? యువర్ నీస్!" అంది. చూడటానికే వెళ్తున్నాను లేమ్మా, కొనడానికి కాదు అన్నాను. నాకు నచ్చిన విషయాలు చెప్పేటప్పుడు నేను అబద్ధమాడతానని మేఘనకి తల్లి ఏనాడో చెప్పి ఉంటుంది, వెంటనే "మీరు కొనేస్తారు, ఐ నో" అంది.

నేను ఆ ఇంటికి మొదటిసారి వెళ్ళింది ఒక సూట్‌కేసుతో, పక్కనే యూనివర్సిటీలో చేరిన వారానికి. నోటీసు బోర్డు మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిన కాగితం ఉంది, పైన ఒక గది అద్దెకు, నెమ్మదస్తుడైన విద్యార్థికి అని. నెమ్మదస్తుణ్ణి అనే ధైర్యంతోనే వెళ్ళాను. తలుపు తీసినావిడ నా కంటే జానెడు పొడుగు, అప్పుడే అరవై దాటాయి, ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంటోంది. "గుడ్ మార్నింగ్ ఆంటీ" అన్నాను. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి, "నేను మీ అమ్మ చెల్లెల్ని కాదు, మీ నాన్న చెల్లెల్ని కూడా కాదు. నా పేరు హెనీ" అంది. పెద్దావిడని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరెలా వస్తుంది? గుడివాడలో మా వీధిలో అలా పిలిచి ఉంటే వీపు చిట్లిపోయేది. వారం రోజులు ఏమీ పిలవకుండా దగ్గుతూ కాలక్షేపం చేసి, చివరికి "హెనీ గారూ" అన్నాను. గారూ అంటే ఏమిటంది. గౌరవం అన్నాను. "అయితే పర్వాలేదు, ఉంచు" అంది.

హెనీ గారిది హాలండ్. యుద్ధం అయిపోయాక కొన్నేళ్ళకి భర్త యాన్‌తో కలిసి ఓడ ఎక్కి వచ్చిందట. ఆయన వడ్రంగి. వాళ్ళతో వచ్చిన డచ్చివాళ్ళంతా ఊరి బయట, చుట్టూ ఖాళీ జాగా వదిలి ఇళ్ళు కట్టుకుంటే, ఈవిడకి మాత్రం అలా విడివిడిగా ఉన్న ఇళ్ళు చూస్తే భయం వేసేదట. "నేను పుట్టిన వీధిలో కూడా ఇళ్ళు ఇలాగే ఉండేవి, అన్నీ కలిసి. పక్కింటాయన దగ్గితే మా అమ్మ, అయ్యో జలుబు చేసింది పాపం అనేది" అని చెప్పింది. అప్పట్లో కూలీనాలీ వాళ్ళు తప్ప ఎవరూ ముఖం చూడని ఈ పాత వరసలో ఇల్లు కొన్నారు. కొన్న రోజు యాన్ వీధిలో నిలబడి టోపీ తీసి ఇంటికి దణ్ణం పెట్టాడని నవ్వుతూ చెప్పేది. పిల్లలు లేరు. ఆ వంటింటి అలమర ఆయన చేసిందే. నేను వెళ్ళేసరికి ఆయన పోయి మూడేళ్ళు. ముందు గదిలో కిటికీ పక్క కుర్చీలో పేపరు చదువుతూ పోయాడట.

ఆ ఇంటి దినచర్య గడియారం కంటే నిక్కచ్చి. పొద్దున పదింటికి కాఫీ. కాఫీతో బిస్కెట్ల డబ్బా మూత తీసేది, నేనొకటి తీసుకోగానే టప్పున మూత వేసి అలమర్లో పెట్టేది. మా ఇళ్ళల్లో వద్దు వద్దంటున్నా పళ్ళెంలో పోసే రకం కదా, మొదటిసారి నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంత పిసినారి కొంపలో పడ్డానేమిటిరా దేవుడా అనుకున్నాను. అది పిసినారితనం కాదని, నా కోసం ఉదయం అరగంట ముందే బల్ల మీద గుడ్డ పరిచి, కప్పులు వెచ్చబెట్టి కూర్చునేదని, ఆ ఒక్క బిస్కెట్టూ ఒక ముచ్చట లాంటిదని అర్థమవడానికి ఏడాది పట్టింది. సాయంత్రం ఆరింటికి భోజనం, ఆరూ అయిదుకి కాదు. ముందు గది తెరలు మాత్రం ఎప్పుడూ వేసేది కాదు. దారినపోయే వాళ్ళందరికీ ఆవిడ అల్లికా, యాన్ కుర్చీ, కుండీలో మొక్కా కనపడేవి. తెర వేస్తే ఏదో దాస్తున్నామనుకుంటారు అనేది.

ఇంటినిండా నేలకి పట్టించిన మైనం వాసన, ఉడికిన బంగాళాదుంపల వాసన, చలికాలంలో బఠాణీల సూపు వాసన. ఆ సూపులో గరిటె నిలబెడితే నిలబడాలట, పడిపోతే అది సూపు కాదట. ఆ వాసనల మధ్యకి నేను ఇంగువ తెచ్చాను. మొదటిసారి పప్పులో పోపు పెట్టినప్పుడు ఆవాలు చిటపటమనగానే హెనీ గారు పెరట్లోంచి నీళ్ళ డబ్బాతో పరిగెత్తుకొచ్చింది. నిప్పంటుకుందనుకుంది పాపం. తర్వాత్తర్వాత ఆ చప్పుడు వినపడగానే తనే వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడేది, వినడానికే. ఆదివారాలు నా పప్పు ఆవిడ బంగాళాదుంపల మీద పోసుకుని తినేవాళ్ళం. చెప్పడానికి సిగ్గు గానీ, బాగుండేది.

ఆ రోజుల్లో నాకు ఒంటరితనం నా ఒక్కడి సొత్తు అనిపించేది. ఫోను కార్డు కొని ఇంటికి చేస్తే, మాటలకంటే ఎక్కువసేపు "వినపడుతోందా, వినపడుతోందా" అనే కేకలతోనే గడిచేది. కార్డు అయిపోయాక గదిలోకి వెళ్ళి తలుపేసుకుని గోడకేసి చూస్తూ పడుకునేవాణ్ణి. కింద ఒక మనిషి ఉందనీ, ఆవిడకి ఫోను చేసేవాళ్ళు కూడా లేరనీ తట్టేది కాదు. ఒకసారి పరీక్షలయ్యాక కాఫీ దగ్గర, "మంగళవారం నువ్వు నిద్రపోలేదు, కిటికీకీ మంచానికీ మధ్య తిరుగుతూనే ఉన్నావు" అంది. విసిగించానా, క్షమించండి అన్నాను. "లేదు లేదు, తిరుగు. పైన ఎవరో నడుస్తుంటే నాకు బాగా నిద్ర పడుతుంది" అంది. అది మర్యాదకి అన్నమాట అనుకున్నాను.

చదువయ్యింది, ఉద్యోగం వచ్చింది, వెళ్ళి సరళని పెళ్ళి చేసుకుని తీసుకొచ్చాను. ఇంకో ఇల్లు దొరికేదాకా అదే గదిలో ఉన్నాం. సరళ వచ్చిన నెలకే ఆ బిస్కెట్ల డబ్బా తాళం విప్పింది. రెండోది తీసుకుంటున్నట్టు నటించి, హెనీ గారు కంగారుపడితే పకపకా నవ్వేది. ఆవిడా నవ్వేది. ఒక ఆదివారం పదింటి కాఫీ దగ్గర హెనీ గారు చేతులు బల్ల మీద పెట్టి, ముందే కూడబలుక్కున్నట్టు చెప్పింది. "మీరిద్దరూ ఇల్లు వెతుకుతున్నారు. ఈ ఇల్లు కొనుక్కోండి. న్యాయమైన ధరకే, దానం కాదు. పైనంతా మీది, ముందు గదీ మీదే. నాకు కింద వెనక గది చాలు, నేనున్నన్నాళ్ళూ. మరీ మంచాన పడితే వృద్ధుల హోమ్‌కి పంపెయ్యండి, ఏమనుకోను. అప్పటిదాకా పైన ఎవరో ఒకరు నడుస్తుండాలి." అప్పుడుగానీ ఆ మంగళవారం మాట మర్యాదకి అన్నది కాదని నాకు అర్థం కాలేదు.

గదిలోకి వెళ్ళాక సరళ "కొందామండీ" అంది. ఇంకేమీ అనలేదు. నేనే తెల్లారేదాకా కాదు కాదు అనడానికి కారణాలు వెతుక్కున్నాను. మావాళ్ళందరూ టూంగాబీలో కొత్తిళ్ళు కొంటున్నారు, కారు రెండు పక్కలా తిప్పుకునే జాగా ఉన్నవి. వాళ్ళని ఈ చీకటి రైలుపెట్టెలోకి భోజనానికి ఎలా పిలుస్తాను, వెనక గదిలో ఉన్న తెల్లావిడ ఎవరంటే ఏం చెబుతాను అనుకున్నాను. ఇవన్నీ పైపై మాటలు. అసలు మాట ఇప్పుడు రాస్తున్నాను. ఒక మనిషిని చివరిదాకా చూసుకోవడం అంటే నాకు భయం వేసింది. ఆ మాట ఆవిడ ముఖం మీద చెప్పడం అంతకంటే భయం వేసింది. అందుకని రామ్మూర్తి గారికి ఫోన్ చేశాను.

రామ్మూర్తి గారు టూంగాబీ తెలుగువాళ్ళందరికీ వాస్తు చూసిపెట్టే పెద్దమనిషి. వృత్తికి సివిల్ ఇంజనీరు, ప్రవృత్తికి ఇది. పైసా తీసుకోడు, అభిప్రాయం మాత్రం నిలవ ఉంచుకోడు. ఆయన సరేనంటే జనం కొనేవారు, పెదవి విరిస్తే మానేసేవారు. ఆయన పెదవి విరుస్తాడని నాకు ముందే తెలుసు, అందుకే పిలిచాను. కోటు జేబులోంచి ఇత్తడి దిక్సూచి తీసి వీధిలో నిలబడి ఒకసారి, గుమ్మంలో ఒకసారి, ముందు గది నడిమధ్య ఒకసారి చూశాడు. హెనీ గారు ఆయన కోసం కాఫీ పెట్టి, మంచి కప్పులు తీసి, ఇల్లు చూడటానికి వచ్చిన ఇంజనీరు కదా అని పైకప్పు రిపేరు కాగితాలు కూడా బల్ల మీద సర్ది పెట్టింది.

"దక్షిణ ద్వారం బాబూ, కచ్చితంగా దక్షిణం. యముడి దిక్కు" అన్నాడు రామ్మూర్తి గారు. ఇక్కడ సూర్యుడు ఉత్తరాన తిరుగుతాడు కదండీ, ఇక్కడి దిక్కులకి కూడా అదే లెక్కా అని అడిగాను, అడగాలి కాబట్టి. "శాస్త్రం భూమికంతటికీ ఒకటేనయ్యా, ఆస్ట్రేలియాకి వేరే యముడు ఉంటాడా?" అన్నాడు. హెనీ గారు, ఆయన ఏమంటున్నాడు అని నన్ను అడిగింది. నేను సర్దిచెప్పేలోగా ఆయనే ఎంతో ఉత్సాహంగా ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. ఈ వాకిలి ఇంటి యజమానికి మంచిది కాదనీ, ఆయుష్షు తీస్తుందనీ చెప్పి, "ఈ ఇంట్లో ఎవరైనా పోయారా?" అని అడిగాడు. "నా భర్త, ఈ గదిలోనే, ఆ కుర్చీలో" అంది హెనీ గారు. రామ్మూర్తి గారు నా వైపు తిరిగి, "చూశావా మరి!" అన్నాడు. లెక్క కుదిరిన మేష్టారి ముఖంలా వెలిగిపోయింది ఆయన ముఖం. కాఫీ పూర్తిగా తాగి, బిస్కెట్టు బాగుందని చెప్పి వెళ్ళాడు.

ఆయన వెళ్ళాక హెనీ గారు ఆ గదిలో నిలబడే ఉంది. సరళ కప్పులు తీయడానికి లోపలికి వెళ్ళింది. "ఇది నిజమా?" అని అడిగింది హెనీ గారు నన్ను. "ఈ తలుపు వల్లా యాన్ పోయింది?" ఇంజనీరింగ్ చదివినవాణ్ణి నేను. ఆ శాస్త్రం మీద నాకు అప్పుడు లేశమంత నమ్మకం లేదు, ఇప్పుడూ లేదు. కాదు హెనీ గారూ, అదంతా పిచ్చిమాట, నాకు ధైర్యం లేక పిలిపించాను అని ఒక్కమాట అంటే చాలు. అంటే మాత్రం ఇల్లు వద్దనడానికి వేరే కారణం చెప్పాలి. "మా శాస్త్రం అలాగే చెబుతుంది" అన్నాను, నేల చూస్తూ. ఆవిడ కాసేపు తలుపు వైపు చూసి, "సరే. మంచిది" అంది. హాలండ్ వాళ్ళు ఏది అయిపోయినా మంచిది అనే అంటారు. ఆ తర్వాత ఇంటి మాట మళ్ళీ ఎత్తలేదు.

టూంగాబీలో తూర్పు ముఖం ఇల్లు కొన్నాం. రామ్మూర్తి గారు మూడు చోట్ల దిక్సూచి పెట్టి, మూడు సార్లూ చిరునవ్వు నవ్విన ఇల్లు. కొన్నాళ్ళు హెనీ గారికి ఫోన్ చేసేవాణ్ణి. తర్వాత క్రిస్మస్‌కి కార్డు. మేఘన పుట్టినప్పుడు ఆవిడ చేత్తో అల్లిన చిన్న మేజోళ్ళు పంపింది. నేను కృతజ్ఞతలు రాద్దామనుకుంటూనే, వెళ్ళి కలుద్దాం, అప్పుడే చెబుదాం అని వాయిదా వేశాను. అలా వేసిన వాయిదా ఎప్పటికీ తీరలేదు. ఆవిడ ఎదురుగా కూర్చుంటే ఆ ప్రశ్న మళ్ళీ అడుగుతుందేమోనన్న భయం కూడా ఉండేది. తూర్పు ముఖం ఇంట్లో అన్నీ సక్రమమైన మూలల్లో ఉండగానే సరళ అరవై చూడకుండా పోయింది. దక్షిణ ద్వారం ఇంట్లో హెనీ గారు తొంభై దాటి బతికింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు నవ్వు రాదు, ఏడుపూ రాదు, అలసటగా ఉంటుంది.

ఆ శనివారం ఏజెంటమ్మాయి నన్ను వంటింట్లోంచి పెరట్లోకి తీసుకెళ్ళి, "ఇదీ ఈ ఇంటి అసలు గొప్ప. వెనకంతా ఉత్తరం. పొద్దస్తమానం ఎండ. అందరూ ఇలాంటిదే కావాలని కొట్టుకుంటున్నారు" అంది. వెనక ఉత్తరం అంటే ముందు దక్షిణమే కదా. అప్పట్లో మనవాళ్ళు ముఖం తిప్పుకున్న ఇంటి కోసం ఆ తర్వాతి నెల వేలంలో ఇద్దరు డాక్టర్లూ, ఒక కొత్త జంటా, నేనూ వీధిలో నిలబడి చేతులెత్తాం. ఆఖరున నా చెయ్యే మిగిలింది. వేలంపాటగాడు సుత్తితో కొట్టగానే జనం చప్పట్లు కొట్టారు. టూంగాబీ ఇల్లు అమ్మితే వచ్చేదంతా దీనికే సరిపోతుంది. మేఘన నా పక్కనే ఉంది. "కంగ్రాట్స్ నాన్నా" అని భుజం మీద తల పెట్టి, "బట్ వై?" అంది. మీ అమ్మ కొందామంది అన్నాను. అది నిజమే, ముప్పై ఏళ్ళు ఆలస్యమైందంతే.

తాళాలు చేతికొచ్చిన వారానికి మారాను. అప్పట్లో ఈ వీధిలో పొద్దున్నే మెట్లు కడిగే ఆడవాళ్ళూ, బనీన్లతో గుమ్మంలో కూర్చునే ముసలివాళ్ళూ ఉండేవారు. ఇప్పుడు కుక్కల్ని పట్టుకుని చెవుల్లో పుల్లల్లాంటి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నడిచే జనం. అప్పుడు మూడు నిమిషాల మాటకి వారమంతా ఎదురు చూసేవాణ్ణి, ఇప్పుడు గుడివాడలో ఉన్న మా అక్కయ్య ముఖం ఫోనులో, అరచేతిలోనే కనపడుతుంది, అయినా ఇద్దరం మాట్లాడుకోవడానికి ఏమీ దొరక్క టీవీ గురించి చెప్పుకుంటాం. పదింటికి కాఫీ పెట్టుకుంటాను. నా మంచం మోకాళ్ళ కోసం కింద వెనక గదిలోనే వేశారు, ఆవిడ తన కోసం అడిగిన గదిలో. పైన మూడు గదులూ ఖాళీ. అక్కడ పడుకుని పైకప్పు చూస్తుంటే, ఏ చప్పుడూ లేని ఇల్లు ఎలా ఉంటుందో తెలిసింది. ఇన్నేళ్ళు ఆవిడ విన్నది ఇదే. నేను ఆవిడకి ఇచ్చింది ఇదే.

మారిన నాలుగో రోజు పొద్దున, అట్టపెట్టెలు వీధిలో పడేద్దామని ముందు తలుపు తీసి బయటికొచ్చాను. పక్కింటి గుమ్మంలో ఒకాయన మొక్కలకి నీళ్ళు పోస్తున్నాడు. డెబ్బై ఏళ్ళుంటాయి. తన పేరు టోనీ అని చెప్పి, ప్లంబింగ్ పని చేసి రిటైరయ్యాననీ, ఇక్కడికొచ్చి పదిహేనేళ్ళయిందనీ అన్నాడు. నేను నా పేరు చెప్పాను. ఈ ఇంట్లో ఒకప్పుడు ఉన్నానని చెప్పబోతుంటే ఆయనే, "ఈ ఇంట్లో ఉండే మనిషి ఆ తలుపులోంచి బయటికి రావడం నేను ఇదే చూడటం మేట్" అన్నాడు.

అదేమిటన్నాను.

"హెనీ ముందు తలుపు వాడేది కాదు. నేను వచ్చినప్పటినుంచీ అంతే. వెనక గేటు, వెనక సందు. చివర్లో వాకర్ పట్టుకుని కూడా ఆ రాళ్ళ సందులోంచి చుట్టూ తిరిగి వచ్చేది, బస్సు ఎక్కాలంటే. వానలో ఒకసారి జారి పడింది, నేనే లేపాను. ముందు నుంచి రావచ్చు కదా, రెండడుగులు అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో. ఆ తలుపు మంచిది కాదు టోనీ, నా భర్తని తీసుకుపోయింది అనేది."

నేను అట్టపెట్టెలు కింద పెట్టాను. ఎవరు చెప్పారట ఆవిడకి, అని అడిగాను.

"పైన ఒక ఇండియన్ కుర్రాడు ఉండేవాట్ట. చాలా తెలివైనవాడు, వాడికి అవన్నీ తెలుసు, వాడు నాకు అబద్ధం చెప్పడు అనేది. ఇంట్లోకి మళ్ళీ ఎవర్నీ అద్దెకి పెట్టుకోలేదు కూడా. వచ్చినవాళ్ళకి ఏమైనా అయితే ఎలా అనేది." టోనీ నీళ్ళ పైపు కట్టేసి, గోడ మీద మోచెయ్యి ఆనించాడు. "నువ్వు కూడా ఇండియా వాడివే కదా. నీకు తెలిసుంటుంది. నిజంగా ఏమైనా ఉందంటావా ఈ తలుపులో?"

"ఏమీ లేదు" అన్నాను. "ఏమీ లేదు టోనీ. మామూలు తలుపే."

ఆయన తలాడించాడు. "నేనూ అదే అనుకున్నాను. పాపం, ఆ కుర్రాడు ఒక్కసారి వచ్చి ఆ మాట చెప్పుంటే బాగుండేది" అన్నాడు.